హెబియస్ కార్పస్ పిటిషన్‌ను కొట్టివేశాక: అమెరికా ఫెడరల్ కోర్టుల్లో అప్పీలుకు వెళ్లే పద్ధతి

హెబియస్ కార్పస్ పిటిషన్ అనగానే మనకు గుర్తుకొచ్చేది హైకోర్టు. పోలీసులు తీసుకెళ్లిన మనిషి ఆచూకీ తెలియనప్పుడో, 1986 నాటి పీడీ చట్టం కింద ఎవరినైనా నిర్బంధించినప్పుడో రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద కుటుంబసభ్యులు వేసే పిటిషన్ అది. కోర్టు విచారణ జరిపి శిక్ష వేసిన తరువాత ఆ పిటిషన్‌కు ఇక్కడ సాధారణంగా చోటుండదు, శిక్షపై అప్పీలు చేసుకోవలసిందే. అమెరికాలో సంగతి వేరు. అక్కడ నేరం రుజువై, శిక్ష పడి, నేరుగా వేసిన అప్పీళ్లన్నీ ముగిసిన తరువాత కూడా, ఆ శిక్ష రాజ్యాంగానికి విరుద్ధంగా పడిందని ఫెడరల్ కోర్టుకు చెప్పుకోవడానికి ఖైదీకి మిగిలే దారి హెబియస్ కార్పసే. ఆ పిటిషన్‌ను ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు కొట్టివేస్తే తరువాత ఏం చేయాలో, ఏ క్రమంలో చేయాలో, అక్కడ శిక్ష అనుభవిస్తున్నవారికీ, ఇక్కడి నుంచి వారికి తోడ్పడే కుటుంబాలకూ ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాను.

ముందే గ్రహించవలసిన సంగతి ఒకటుంది. 1996లో వచ్చిన ఉగ్రవాద నిరోధక, మరణశిక్షల అమలు చట్టం తరువాత ఈ అప్పీలు హక్కుగా దొరికేది కాదు, అనుమతి తీసుకుని వేసేది. కాబట్టి ఖైదీ నిర్దోషా కాదా అన్న చర్చ కన్నా ముందు రెండు విషయాలు తేలాలి: అప్పీలు నోటీసు గడువులోగా పడిందా, అప్పీలు వినదగినదని అనుమతి దొరికిందా. కుటుంబం శ్రమనూ డబ్బునూ మొదట ఈ రెండింటి మీద పెట్టాలన్నది నా అభిప్రాయం.

ఇది ఫెడరల్ కోర్టులకు సంబంధించిన పద్ధతి. రాష్ట్ర కోర్టుల్లో వేసే హెబియస్ పిటిషన్లకు ఆయా రాష్ట్రాల నిబంధనలే వర్తిస్తాయి. కాలిఫోర్నియాలో మరణశిక్ష లేని కేసులో సుపీరియర్ కోర్టు హెబియస్ పిటిషన్‌ను తిరస్కరిస్తే ఖైదీ దానిపై అప్పీలు చేయడు, పై కోర్టులో కొత్త పిటిషన్ వేస్తాడు. టెక్సాస్‌లో శిక్ష ఖరారైన తరువాత వేసే పిటిషన్ నేరుగా ఆ రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు నిర్ణయానికి వెళుతుంది. ఆ దశలు దాటి ఫెడరల్ కోర్టుకు వచ్చి, అక్కడ ఓడినవారికి ఈ కింది అడుగులు.

1. వచ్చిన ఆదేశం ఏమిటో తేల్చుకోవడం

కోర్టు నుంచి వచ్చిన కవరులో ఉన్నది తుది తీర్పేనా అన్నది మొదట చూడాలి. చాలాచోట్ల ఇలాంటి పిటిషన్లను ముందుగా మేజిస్ట్రేట్ జడ్జి పరిశీలించి, కొట్టివేయమని సిఫారసు చేస్తూ నివేదిక రాస్తారు. మేజిస్ట్రేట్ జడ్జియే తీర్పు చెప్పడానికి ఇరుపక్షాలూ ఒప్పుకుని ఉంటే తప్ప, ఆ నివేదిక తీర్పు కాదు. దానిపై 14 రోజుల్లోగా డిస్ట్రిక్ట్ జడ్జికి రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పని అంశాన్ని అప్పీలులో వినబోమనే సర్క్యూట్లు, అంటే ఫెడరల్ అప్పీళ్ల కోర్టులు, ఉన్నాయి. అలాంటి నియమం చెల్లుతుందని 1985లో థామస్ వర్సెస్ ఆర్న్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా అంగీకరించింది. అంటే కొన్ని కేసుల్లో అప్పీలు భవితవ్యం తీర్పు రాకముందే, ఎవరూ పట్టించుకోని ఆ రెండు వారాల్లోనే తేలిపోతుంది.

తుది తీర్పే అయితే అందులో మూడు సంగతులు వెతకాలి. పిటిషన్ ఏ సెక్షన్ కిందది అన్నది మొదటిది. రాష్ట్ర కోర్టు శిక్ష వేసినవారు అమెరికా కోడ్ 28వ టైటిల్‌లోని 2254వ సెక్షన్ కింద, ఫెడరల్ కోర్టు శిక్ష వేసినవారు 2255వ సెక్షన్ కింద వస్తారు. రెండోదాన్ని చట్టం పిటిషన్ అనక మోషన్ అంటుంది కానీ, అప్పీలు దారి దాదాపు ఒకటే. ఫెడరల్ ఖైదీ తన శిక్ష అమలవుతున్న తీరుపై, అంటే శిక్షాకాలం లెక్కింపు వంటి వాటిపై, 2241వ సెక్షన్ కింద వేసిన పిటిషన్ అయితే ముందస్తు అనుమతి అవసరమే లేదు, అప్పీలు నోటీసు వేస్తే చాలు. రెండోది, ఒక్కొక్క వాదాంశాన్ని జడ్జి ఏ కారణంతో తోసిపుచ్చారన్నది. మంచిచెడ్డలు విచారించి తోసిపుచ్చడం వేరు, ఏడాది కాలపరిమితి దాటిందనో, ముందు రాష్ట్ర కోర్టులో లేవనెత్తలేదనో లోపలికి వెళ్లకుండానే తోసిపుచ్చడం వేరు. మూడోది, తీర్పు చివరి పేజీల్లో అప్పీలు అనుమతి గురించి ఏం రాశారన్నది. ప్రతికూలమైన తుది ఆదేశం ఇచ్చేటప్పుడే ఆ అనుమతి ఇస్తున్నదీ లేనిదీ డిస్ట్రిక్ట్ జడ్జి చెప్పి తీరాలని హెబియస్ కేసుల నియమావళిలోని 11వ నియమం శాసిస్తుంది.

2. గడువు లెక్క

2254 కింద ప్రతివాది రాష్ట్ర జైలు వార్డెన్ కనుక, తీర్పు డాకెట్‌లో, అంటే కోర్టు కేసు రిజిస్టరులో, నమోదైన నాటి నుంచి 30 రోజుల్లోగా అప్పీలు నోటీసు వేయాలి. 2255లో అమెరికా ప్రభుత్వమే ఎదుటి పక్షం కనుక 60 రోజులు. లెక్క తీర్పు చేతికి అందిన రోజు నుంచి కాదు, డాకెట్‌లోకి ఎక్కిన రోజు నుంచి. నమోదైన రోజును విడిచిపెట్టి మరుసటి రోజును ఒకటిగా లెక్కించాలి, మధ్యలోని శని, ఆదివారాలూ సెలవులూ లెక్కలోకి వస్తాయి, చివరి రోజు మాత్రం శనివారమో ఆదివారమో సెలవు దినమో అయితే గడువు ఆ తరువాతి పనిదినానికి జరుగుతుంది. తపాలాలో వచ్చింది కనుక ఇంకో మూడు రోజులు కలుస్తాయన్న మాట జైళ్లలో వినబడుతుంటుంది. అప్పీలు నోటీసుకు అది వర్తించదు.

ఈ గడువు విషయంలో కోర్టులు దయ చూపవు, చూపే అధికారం కూడా వాటికి లేదు. బౌల్స్ వర్సెస్ రస్సెల్ అనే ఒహాయో కేసు తెలిస్తే ఇది ఎంత కఠినమో అర్థమవుతుంది. హెబియస్ తిరస్కరణపై అప్పీలు గడువు దాటిపోయిన ఖైదీకి 2004 ఫిబ్రవరి 10న జడ్జి గడువును తిరిగి తెరిచారు. నియమం ప్రకారం ఇవ్వదగినవి 14 రోజులే. జడ్జి పొరపాటున ఫిబ్రవరి 27 వరకు సమయం ఇచ్చారు. కోర్టు చెప్పిన తేదీని నమ్మి ఖైదీ ఫిబ్రవరి 26న నోటీసు వేశాడు. జడ్జి ఏం చెప్పినా చట్టంలోని గడువే చెల్లుతుందని, అప్పీలు వినే అధికారం తమకు లేదని 2007లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. కాబట్టి క్లర్కు చెప్పిన తేదీని, జడ్జి ఆదేశంలోని తేదీని, చివరకు మీ న్యాయవాది చెప్పిన తేదీని కూడా నియమంతో పోల్చి మీరే ఒకసారి లెక్కించుకోవాలి.

గడువు దాటినప్పుడు రెండు దారులున్నాయి, రెండూ ఇరుకే. తగిన కారణం ఉంటే, అసలు గడువు ముగిసిన 30 రోజుల్లోగా డిస్ట్రిక్ట్ కోర్టులోనే గడువు పొడిగింపు కోరవచ్చు. తీర్పు నమోదైన 21 రోజుల్లోగా ఆ సమాచారమే అందని పక్షంలో గడువును తిరిగి తెరవమని అడగవచ్చు, అయితే ఆ మోషన్ తీర్పు నమోదైన 180 రోజుల్లోగా లేదా సమాచారం అందిన 14 రోజుల్లోగా, ఏది ముందైతే అప్పటికి, కోర్టులో పడాలి. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మార్చినప్పుడు ఉత్తరాలు దారి తప్పడం మామూలే. అందుకే బదిలీ అయిన రోజునే కొత్త చిరునామాను క్లర్కుకు రాయాలి. ఇక్కడున్న కుటుంబం చేయగలిగిన మేలైన పని, పేసర్ అనే ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ వ్యవస్థలో ఖాతా తెరిచి డాకెట్‌ను వారానికోసారి చూడడం. పేజీకి 10 సెంట్లు తీసుకుంటారు, ఒక పత్రానికి మూడు డాలర్లకు మించదు, మూడు నెలల వ్యవధిలో వాడకం 30 డాలర్లు దాటకపోతే ఆ కొంచెం కూడా వసూలు చేయరు.

జైల్లో ఉండి న్యాయవాది లేకుండా కాగితాలు వేసేవారికి ఒక వెసులుబాటు ఉంది. గడువు ముగిసేలోగా కవరును జైలు తపాలా వ్యవస్థలో అప్పగిస్తే, కోర్టుకు ఎప్పుడు చేరినా గడువులోగా వేసినట్లే. 1988లో హూస్టన్ వర్సెస్ లాక్ తీర్పుతో వచ్చిన ఈ సూత్రం ఇప్పుడు అప్పీళ్ల నియమావళిలోని 4(సీ)లో ఉంది. జైల్లో లీగల్ మెయిల్‌కు ప్రత్యేక పద్ధతి ఉంటే దాన్నే వాడాలి. ఏ తేదీన అప్పగించిందీ, ఫస్ట్ క్లాస్ తపాలా ఖర్చు ముందే చెల్లించిందీ తెలుపుతూ, అబద్ధమైతే శిక్షకు బాధ్యుడినని సంతకం చేసిన చిన్న ధ్రువీకరణను జతపరచాలి. న్యాయవాది వేసే కాగితాలకు ఈ వెసులుబాటు లేదు.

3. అప్పీలుకు ముందు పునఃపరిశీలన అడగాలా?

జడ్జి ఒక వాదాంశాన్ని పూర్తిగా వదిలేసినా, రికార్డును తప్పుగా చదివినా, సివిల్ నియమావళి 59(ఈ) కింద తీర్పు సవరణ కోరే మోషన్ వేయవచ్చు. దానికి గడువు 28 రోజులు, ఈ గడువును కోర్టు పొడిగించలేదు. సకాలంలో వేస్తే అప్పీలు గడువు ఆగి, ఆ మోషన్‌పై నిర్ణయం వెలువడిన నాటి నుంచి కొత్తగా మొదలవుతుంది. ఇలాంటి మోషన్‌ను రెండో హెబియస్ పిటిషన్‌గా చూసి తోసిపుచ్చకూడదని 2020లో బానిస్టర్ వర్సెస్ డేవిస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ అనుమతి నిరాకరణను మాత్రమే మళ్లీ చూడమని అడిగే మోషన్‌తో అప్పీలు గడువు ఆగదు. ఈ తేడా తెలియక నష్టపోయే ప్రమాదం ఉంది. జడ్జి స్పష్టమైన పొరపాటు చేసిన సందర్భంలో తప్ప, పాత వాదననే తిరిగి వినిపించడానికి ఈ దారి పట్టడం కాలహరణమే.

4. అప్పీలు నోటీసు, ఫీజు

నోటీసు ఒక పేజీ కాగితం. అప్పీలు చేస్తున్నది ఎవరు, ఏ తీర్పుపై, ఏ సర్క్యూట్ కోర్టుకు అన్న మూడు విషయాలుంటే చాలు. వాదనలు ఇందులో రాయనక్కరలేదు. దీన్ని దాఖలు చేయవలసింది సర్క్యూట్ కోర్టులో కాదు, తీర్పు ఇచ్చిన డిస్ట్రిక్ట్ కోర్టు క్లర్కు దగ్గర. డిస్ట్రిక్ట్ జడ్జి అనుమతి ఇచ్చినా సరే నోటీసు విడిగా వేయాలి. అనుమతి వచ్చింది కదా అని నోటీసు వేయకుండా ఊరుకుంటే అప్పీలే ఉండదు.

సంతకం ఖైదీదో, ఆ కోర్టులో వాదించే అర్హత ఉన్న న్యాయవాదిదో అయి ఉండాలి. గుంటూరులోని తండ్రి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నా, డాలస్‌లోని బావమరిది ఎంత చదువుకున్నవాడైనా, న్యాయవాది కానివారు ఇంకొకరి తరఫున ఫెడరల్ కోర్టులో నిలబడలేరు. ఖైదీ తన కేసు తాను చూసుకోలేని మానసిక, శారీరక స్థితిలో ఉన్నాడని చూపగలిగినప్పుడు మాత్రమే దగ్గరివారిని అతని తరఫున రానిస్తారు. కుటుంబం కాగితాలు సేకరించవచ్చు, టైపు చేయించవచ్చు, ఫీజు కట్టవచ్చు.

హెబియస్ పిటిషన్‌కు డిస్ట్రిక్ట్ కోర్టులో 5 డాలర్లే తీసుకున్నారు కదా అనుకుంటే అప్పీలు దగ్గర కంగుతినవలసి వస్తుంది, ఇక్కడ ఫీజు 605 డాలర్లు. కట్టలేనివారు ఆస్తి వివరాల అఫిడవిట్‌తో, జైలు ఖాతా స్టేట్‌మెంట్‌తో ఫీజు మినహాయింపు కోరాలి. కింది కోర్టులో పేదవాడిగా మినహాయింపు పొందినవారికి, అప్పీలులో సదుద్దేశం లేదని జడ్జి రాయనంతవరకు, అదే కొనసాగుతుంది. మినహాయింపును డిస్ట్రిక్ట్ జడ్జి నిరాకరిస్తే ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా సర్క్యూట్ కోర్టును నేరుగా అడగవచ్చు. ఫీజు సమస్య తేలేదాకా నోటీసు ఆపుకోకూడదు. ముందు నోటీసు వేయాలి, డబ్బు సంగతి తరువాత.

5. అసలు పరీక్ష: అప్పీలు అనుమతి

2253(సీ) ప్రకారం 2254, 2255 కేసుల్లో సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ అనే అనుమతి పత్రం లేనిదే సర్క్యూట్ కోర్టు అప్పీలును వినజాలదు. కోర్టు కాగితాల్లో దీన్ని సీఓఏ అంటారు. రాజ్యాంగ హక్కుకు భంగం కలిగిందని ఖైదీ గట్టిగా చూపగలిగితేనే దాన్ని ఇస్తారు. డిస్ట్రిక్ట్ జడ్జి నిరాకరిస్తే ఆ నిరాకరణపై అప్పీలు లేదు, నేరుగా సర్క్యూట్ కోర్టునే సీఓఏ అడగాలి. ప్రత్యేకంగా దరఖాస్తు వేయకపోతే అప్పీలు నోటీసునే దరఖాస్తుగా భావిస్తారని అప్పీళ్ల నియమావళిలోని 22వ నియమం చెబుతుంది కానీ, ఒక పేజీ నోటీసును చూసి ఏ జడ్జీ అనుమతి రాయరు. దరఖాస్తు తప్పక వేయాలి. పేజీల పరిమితి, దాఖలు చేసే గడువు సర్క్యూట్‌ను బట్టి మారతాయి, కాబట్టి ఆ సర్క్యూట్ స్థానిక నియమాల ప్రతిని జైలు గ్రంథాలయం నుంచో వెబ్‌సైటు నుంచో ముందే తెప్పించుకోవాలి. అర్జీ మొత్తం ఇంగ్లిషులోనే ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఖైదీ గెలవవలసింది కేసును కాదు. వివేకవంతులైన జడ్జీలు డిస్ట్రిక్ట్ కోర్టు నిర్ణయంతో విభేదించే అవకాశం ఉందని, లేదా ఆ అంశం మరింత విచారణకు తగినదని చూపితే సరిపోతుంది. 2000లో స్లాక్ వర్సెస్ మెక్‌డేనియల్ తీర్పు ఈ కొలతను స్థిరపరిచింది. 2003లో మిల్లర్-ఎల్ వర్సెస్ కాక్రెల్ దీన్ని ఇంకా విశదం చేసింది. అది డాలస్ కౌంటీ కేసు. జ్యూరీలో కూర్చునే అర్హత ఉన్న 11 మంది నల్లజాతి వారిలో 10 మందిని ప్రాసిక్యూటర్లు తొలగించారు. అయినా అయిదో సర్క్యూట్ సీఓఏ నిరాకరించింది. అనుమతి దశలోనే కేసు లోతుపాతులన్నీ తేల్చేయకూడదని, చివరకు ఓడిపోయే వాదన కూడా చర్చనీయం కావచ్చని సుప్రీంకోర్టు చెప్పి ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. అదే ఖైదీకి 2005లో అదే కోర్టు ముందు అంతిమ విజయం కూడా దక్కింది. 2017లో బక్ వర్సెస్ డేవిస్ కేసులోనూ సుప్రీంకోర్టు అయిదో సర్క్యూట్‌కు ఇదే మాట మళ్లీ చెప్పవలసి వచ్చింది. దరఖాస్తులో ఈ మూడు కేసులూ ఉండాలి.

వాదాంశాన్ని సాంకేతిక కారణంతో కొట్టివేసి ఉంటే స్లాక్ రెండు మెట్లు ఎక్కమంటుంది. సాంకేతిక నిర్ణయం సరైనదా కాదా అన్నది చర్చనీయమని చూపాలి, దానితో పాటు అడుగున ఉన్న రాజ్యాంగ వాదాంశం కూడా చర్చనీయమేనని చూపాలి. కాలపరిమితి గురించి పది పేజీలు రాసి, అసలు హక్కు ఏమిటో ఒక్క పేరా కూడా రాయని దరఖాస్తు మొదటి మెట్టు ఎక్కి కూడా రెండో మెట్టు దగ్గర పడిపోతుంది.

రాష్ట్ర ఖైదీలకు ఇంకో భారం ఉంది. రాష్ట్ర కోర్టు ఒక వాదాంశాన్ని విచారించి తోసిపుచ్చితే, ఆ నిర్ణయం తప్పు అని చూపితే చాలదు. సుప్రీంకోర్టు అప్పటికే స్పష్టంగా స్థిరపరిచిన న్యాయానికి అది విరుద్ధమనో, ఆ న్యాయాన్ని అసమంజసంగా వర్తింపజేసిందనో, రికార్డులోని వాస్తవాలను అసమంజసంగా నిర్ధారించిందనో చూపాలని 2254(డీ) అంటుంది. 2011లో వచ్చిన హారింగ్టన్ వర్సెస్ రిక్టర్ తీర్పు ఈ గోడను చాలా ఎత్తు చేసింది. అందుచేత దరఖాస్తులో అడగవలసిన ప్రశ్న, రాష్ట్ర కోర్టు తప్పు చేసిందా అని కాదు, రాష్ట్ర కోర్టు నిర్ణయం సమంజసమేనన్న డిస్ట్రిక్ట్ జడ్జి అభిప్రాయంతో ఇంకో జడ్జి విభేదించగలరా అని. ప్రశ్నను ఇలా మలచడంలోనే దరఖాస్తు బలమంతా ఉంటుంది.

ఒక ఊహాత్మక కేసు తీసుకుందాం. దోపిడీ జరిగిన రాత్రి ముద్దాయి వేరే ఊరిలో తనతో ఉన్నాడని చెప్పగల సాక్షి పేరు న్యాయవాదికి తెలుసు, కానీ ఆయన ఆ సాక్షితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అది వ్యూహమని రాష్ట్ర కోర్టు అన్నది. అలా అనడం సమంజసమేనని డిస్ట్రిక్ట్ కోర్టు పిటిషన్ కొట్టివేసింది. దరఖాస్తులోని మొదటి పేరా ఇలా ఉండవచ్చు: “న్యాయవాది పనితీరును కొలిచే 1984 నాటి స్ట్రిక్‌ల్యాండ్ తీర్పు ప్రకారం, తగిన విచారణ చేసిన తరువాత ఎంచుకున్నదే వ్యూహం అవుతుంది. సాక్షితో మాట్లాడకుండానే ఆ సాక్షిని వదులుకోవడాన్ని వ్యూహంగా భావించిన రాష్ట్ర కోర్టు నిర్ణయం సమంజసమా అన్న విషయంలో వివేకవంతులైన జడ్జీలు విభేదించగలరు.” రెండో పేరా రికార్డు పేజీ సంఖ్యలతో వాస్తవాలు చెప్పాలి. మూడో పేరా, ఆ సాక్షి వచ్చి ఉంటే ఫలితం మారే సంభావ్యత ఎందుకు ఉందో, ప్రాసిక్యూషన్ సాక్ష్యం ఎక్కడ పలచగా ఉందో చెప్పాలి. ఇదే అంశంపై మరో సర్క్యూట్ భిన్నంగా తీర్పు చెప్పినా, రాష్ట్ర కోర్టులో ఒక జడ్జి అసమ్మతి రాసినా, డిస్ట్రిక్ట్ జడ్జే ఇది కష్టమైన ప్రశ్న అని ఒప్పుకున్నా, ఆ మాటలను తప్పక ఉటంకించాలి. జడ్జీలు విభేదించగలరని నిరూపించడానికి, ఒక జడ్జి నిజంగానే విభేదించారని చూపడాన్ని మించిన ఆధారం లేదు.

ఫెడరల్ ఖైదీలకు తరచు పనికొచ్చే అంశం ఇంకొకటుంది. రికార్డు చూడగానే మోషన్ నిలవదని తిరుగులేకుండా తేలితే తప్ప, విచారణ జరపాలని 2255(బీ) చెబుతుంది. న్యాయవాది తనకు ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో ఖైదీ ప్రమాణపూర్వకంగా రాసి ఇచ్చినా సాక్ష్య విచారణ లేకుండానే మోషన్ కొట్టివేసి ఉంటే, ఆ లోపాన్ని రాజ్యాంగ వాదాంశంతో ముడిపెట్టి లేవనెత్తాలి.

పిటిషన్‌లో పన్నెండు వాదాంశాలున్నంత మాత్రాన దరఖాస్తులో పన్నెండూ ఉండనక్కరలేదు. అక్రమ సోదాకు సంబంధించినవి, రాష్ట్ర కోర్టులో వాటిని వినిపించే పూర్తి అవకాశం దొరికి ఉంటే, 1976 నాటి స్టోన్ వర్సెస్ పావెల్ కారణంగా హెబియస్‌లో నిలవవు. రాష్ట్ర చట్టం తప్పుగా అన్వయించారన్నవీ, శిక్షా మార్గదర్శకాల లెక్క తప్పిందన్నవీ రాజ్యాంగ హక్కును తాకవు కనుక సీఓఏకు పనికిరావు. రెండు మూడు బలమైన అంశాలు ఎంచుకుని వాటికే పేజీలన్నీ ఇవ్వడం మంచిది. అయితే దరఖాస్తులో వదిలేసినదాన్ని వదులుకున్నట్లే లెక్కిస్తారని గుర్తుంచుకుని, ఆ ఎంపిక ఆలోచించి చేయాలి.

6. అనుమతి దొరికితే

సీఓఏ ఏ అంశంపై ఇచ్చారో ఆదేశంలో రాస్తారు, అప్పీలు ఆ అంశానికే పరిమితం. కింది కోర్టు ఒక అంశంపైనే ఇస్తే, మిగతావాటికీ విస్తరించమని సర్క్యూట్ కోర్టును వెంటనే కోరాలి. న్యాయవాదిని పొందే రాజ్యాంగ హక్కు ఈ దశలో లేదు, కానీ అనుమతి వచ్చిన పేదవారికి క్రిమినల్ జస్టిస్ యాక్ట్ కింద న్యాయవాదిని నియమించే అధికారం కోర్టుకు ఉంది. ఆ మోషన్ అప్పుడే వేయాలి. మామూలు నియమం ప్రకారం రికార్డు చేరిన 40 రోజుల్లో అప్పీలుదారు బ్రీఫ్ (రాతపూర్వక వాదన), ఆ తరువాత 30 రోజుల్లో ఎదుటి పక్షం బ్రీఫ్, దానికి 21 రోజుల్లో జవాబు దాఖలు కావాలి. ప్రధాన బ్రీఫ్ 13,000 పదాలు దాటకూడదు. సాధారణంగా కోర్టు తన షెడ్యూలు తానే పంపుతుంది, దానినే పాటించాలి. కొత్త సాక్ష్యం చేర్చడానికి ఇది వేదిక కాదు.

7. మన వారికి ప్రత్యేకంగా వర్తించేవి

వీసా మీదనో గ్రీన్‌కార్డు మీదనో ఉన్నవారు నేరం ఒప్పుకుంటే దేశ బహిష్కరణ ముప్పు ఉంటే ఆ సంగతి న్యాయవాది ముందే చెప్పాలని 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ తీర్పు నిర్దేశించింది. అలా చెప్పలేదన్న వాదాంశం నేరుగా రాజ్యాంగ హక్కుకు చెందినది కనుక సీఓఏకు తగినదే. ఆ సలహా అంది ఉంటే తాను ఒప్పుకోలు వదులుకునేవాడినని నమ్మదగిన ఆధారాలతో చూపాలి. 2017 నాటి లీ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ ఈ విషయంలో ఖైదీల పక్షాన బలమైన తీర్పు. అరెస్టయినప్పుడు భారత కాన్సులేట్‌కు తెలిపే హక్కు ఉందని చెప్పలేదన్న ఫిర్యాదు మాత్రం, 2006లో సాంచెజ్-ల్లమాస్ వర్సెస్ ఒరెగాన్ తీర్పు తరువాత, ఒంటరిగా నిలబడడం కష్టం. పైగా అది ఒప్పంద హక్కు, 2253 అడిగేది రాజ్యాంగ హక్కు. కాన్సులేట్ అధికారులు ఖైదీని కలవగలరు, కుటుంబానికి సమాచారం చెప్పగలరు, అంతేగాని కేసు వాదించరు.

హెబియస్ అప్పీలు నడుస్తున్నంత మాత్రాన బహిష్కరణ ప్రక్రియ ఆగదు. శిక్ష ముగిసి విడుదలైతే అప్పీలు దానంతటదే నిరర్థకం కాదని 1968 నాటి కారాఫాస్ వర్సెస్ లావల్లీ చెబుతుంది, కానీ అసలు పిటిషన్ వేసిన రోజున ఖైదీ నిర్బంధంలోనో, పర్యవేక్షిత విడుదలలోనో ఉండి ఉండాలి. మిగిలిన శిక్షను భారతదేశంలో అనుభవించేలా బదిలీ కోరాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. శిక్షపై అప్పీలు గానీ హెబియస్ వంటి ప్రక్రియ గానీ పెండింగులో ఉండగా అమెరికా చట్టం ఆ బదిలీని అనుమతించదు. రెండింటిలో ఏది కావాలో కుటుంబం, ఖైదీ కలిసి ముందే నిర్ణయించుకోవాలి.

8. సర్క్యూట్ కోర్టు కూడా నిరాకరిస్తే

పునర్విచారణ కోరవచ్చు. స్థానిక నియమం వేరేగా చెప్పనంతవరకు గడువు 14 రోజులనే లెక్క పెట్టుకోవడం క్షేమం. ఆ తరువాత సుప్రీంకోర్టు. సీఓఏ నిరాకరణను కూడా తాము పరిశీలించగలమని 1998లో హోన్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ కేసులో ఆ కోర్టు చెప్పింది. కేసును విచారణకు స్వీకరించమని సుప్రీంకోర్టును కోరే సర్టియోరరీ పిటిషన్‌కు గడువు 90 రోజులు. నిరాకరించిన ఆదేశం తేదీ నుంచి, లేదా పునర్విచారణ సకాలంలో కోరి ఉంటే దాన్ని తిరస్కరించిన తేదీ నుంచి లెక్క. 60 రోజుల వరకు పొడిగింపు కోరవచ్చు, ఆ అర్జీ గడువుకు కనీసం 10 రోజుల ముందు వేయాలి. పేదవాడిగా మినహాయింపు కోరుతూ, న్యాయవాది లేకుండా, జైలు నుంచి వేసే ఖైదీ పది ప్రతులు పంపనక్కరలేదు, అసలు ప్రతి ఒక్కటి చాలు. సుప్రీంకోర్టు వినేది చాలా కొద్ది కేసులే కాబట్టి, ఆ పిటిషన్‌లో తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పడంతో పాటు, సర్క్యూట్ కోర్టు సీఓఏ కొలతనే తప్పుగా వాడిందని మిల్లర్-ఎల్, బక్ తీర్పులతో చూపడం మేలు.

అది కూడా తిరస్కరణకు గురైతే మొదటి పిటిషన్ కథ ముగిసినట్లే. రాష్ట్ర ఖైదీ రెండో పిటిషన్ వేయాలంటే ముందు సర్క్యూట్ కోర్టు అనుమతి పొందాలి. సుప్రీంకోర్టు వెనకటి కేసులకూ వర్తింపజేసిన కొత్త రాజ్యాంగ సూత్రమో, ముందుగా కనుగొనడానికి వీలుపడని, నేరం రుజువు కాకుండా చేయగలిగినంత బలమైన కొత్త వాస్తవమో ఉండాలి. ఒకసారి లేవనెత్తిన వాదాంశాన్ని మళ్లీ వేయడానికి వీల్లేదు. ఆ అనుమతిని నిరాకరిస్తే, దానిపై పునర్విచారణ గానీ సర్టియోరరీ గానీ ఉండవని 2244వ సెక్షన్ చెబుతుంది.